కిమ్చీ క్యాబేజీకి కాపలా కాసే జీన్: దాని అడ్రస్ ఎలా పట్టుకున్నారు?



కొరియన్ డ్రామాలు చూసేవాళ్లకి ఈ సీన్ బాగా తెలుసు. చలికాలం ముందు ఇంట్లో అందరూ కింద కూర్చుని, పొడవాటి క్యాబేజీల్ని నిలువునా చీల్చి ఉప్పులో ఊరేసి, ఆకు ఆకుకీ మధ్య ఎర్రటి కారం ముద్ద పూస్తుంటారు. కిమ్చీ అన్నమాట. మనకి ఆవకాయ సీజన్ ఎలాగో, వాళ్లకి అది అలాగ. అందులో వాడేది మన గుండ్రటి క్యాబేజీ కాదు. చైనీస్ క్యాబేజీ అంటారు, సూపర్ మార్కెట్లో నాపా క్యాబేజీ అని బోర్డు ఉంటుంది.

ఈ ఎపిసోడ్ కిమ్చీ గురించి కాదు. ఆ క్యాబేజీ వేళ్ల గురించి.

క్లబ్ రూట్ అని ఒక జబ్బుంది. ఇక్కడ క్లబ్ అంటే గద. భీముడి చేతిలో ఉంటుందే, అది. జబ్బు పట్టిన మొక్క పైకి మామూలుగానే కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండకి ఆకులు వాలిపోతాయి, సాయంత్రానికి మళ్లీ తేరుకుంటాయి. రైతు నీళ్లు చాల్లేదేమో అనుకుంటాడు. కొన్నాళ్లకి తేరుకోవడం ఆగిపోతుంది. పీకి చూస్తే సన్నటి వేళ్లు ఉండాల్సిన చోట లావుగా, వంకర టింకరగా ఉబ్బిపోయిన గదలు ఉంటాయి. ఆ వేళ్లు నీళ్లు లాగలేవు. క్యాబేజీ గడ్డ కట్టదు.

దీనికి కారణం ఫంగస్ కాదు, బ్యాక్టీరియా కాదు, వైరస్ కూడా కాదు. మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి, ప్రోటిస్టుల గుంపులోది. 1870ల్లో రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ చుట్టుపక్కల క్యాబేజీ తోటలు ఈ జబ్బుతో దెబ్బతింటుంటే, మిఖాయిల్ వొరోనిన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఆ వేళ్లని మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, 1878లో దాన్ని వివరంగా ప్రచురించాడు. ప్లాస్మోడియోఫోరా బ్రాసికే అని పేరు పెట్టాడు. పేరు గుర్తు పెట్టుకోనక్కర్లేదు, ఈ వీడియోలో 'దొంగ' అని పిలుద్దాం.

ఈ దొంగతో అసలు సమస్య ఏంటంటే, వాడు వెళ్లడు. ఉబ్బిన వేరు కుళ్లినప్పుడు కోట్లాది స్పోర్లు మట్టిలో కలుస్తాయి. ఒక్కో స్పోర్ గట్టి పెంకులో పడుకుని ఉంటుంది. స్వీడన్‌లో పొలాల మట్టి మీద వేసిన లెక్క 1996లో వచ్చింది: ఉన్న స్పోర్లలో సగం తగ్గడానికి 3.6 ఏళ్లు, జబ్బు ఆనవాలు దొరకనంత తగ్గడానికి 17.3 ఏళ్లు. అంటే ఈ రోజు మీ పొలంలో జబ్బు కనిపిస్తే, ఇప్పుడు పుట్టిన మీ పాప ఇంటర్ అయిపోయే వయసుకి ఆ మట్టి శుభ్రపడుతుంది, అది కూడా మధ్యలో క్యాబేజీ కుటుంబం మొక్క ఒక్కటి కూడా అక్కడ పెట్టకపోతే. సున్నం చల్లి మట్టి పీహెచ్ పెంచితే ఉధృతి తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పక్క పొలం ట్రాక్టర్ టైరుకి అంటుకున్న మట్టి చాలు, మళ్లీ రావడానికి.

కాబట్టి దొంగని చంపడం కష్టం. మిగిలిన దారి ఒకటే: మొక్క లోపలే కాపలా ఉండాలి.

ఆ కాపలా దొరికిన చోటు తమాషాగా ఉంటుంది. యూరప్‌లో పశువులకి మేతగా పెంచే టర్నిప్పులు. అదే, హైదరాబాద్ మార్కెట్లో షల్గం అని అమ్ముతారే, దాని చుట్టాలు. సిలోగా, గెల్రియా లాంటి రకాలు జబ్బు ఉన్న మట్టిలో కూడా శుభ్రంగా పెరిగేవి.

ఇక్కడ మీకో డౌట్ రావచ్చు. టర్నిప్ దుంప, చైనీస్ క్యాబేజీ ఆకు. దుంపలో ఉన్న గుణం ఆకుకూరకి ఎలా వస్తుంది? సమాధానం: రెండూ ఒకే జాతి. బ్రాసికా రాపా. పామరేనియన్, గ్రేట్ డేన్ రెండూ కుక్కలే కదా, అలాగ. రెండింటికీ 10 జతల క్రోమోజోములు, పుప్పొడి మార్పిడి చేస్తే హాయిగా విత్తనాలు పడతాయి. మన గుండ్రటి క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్ కూడా తమలో తాము ఒకే జాతి, కానీ అది వేరే జాతి: బ్రాసికా ఒలరేసియా, 9 జతలు. ఇక మన పోపుల డబ్బాలో ఆవాలు? మామూలు ఆవ మొక్క అంటే రాపా 10 జతలు, నల్ల ఆవ 8 జతలు కలిసి తయారైన 18 జతల మొక్క. ఈ చుట్టరికాలన్నీ ఒక త్రిభుజంలా గీసి 1935లో చూపించింది వూ జాంగ్ చున్ అనే శాస్త్రవేత్త. తండ్రి కొరియన్, తల్లి జపనీస్, పుట్టింది టోక్యోలో. 1950లో కొరియా వెళ్లి అక్కడ క్యాబేజీ, ముల్లంగి విత్తనాల ఉత్పత్తిని నిలబెట్టింది కూడా ఈయనే. కిమ్చీ తినే ప్రతివాళ్లూ ఆయనకి కొంచెం బాకీ.

సరే, అసలు విషయానికి వద్దాం. టర్నిప్‌లో కాపలా ఉందని తెలుసు. 10 క్రోమోజోముల మీద దాదాపు 40 వేల జీన్‌లు. అందులో ఆ కాపలా జీన్ ఏది? పేరు తెలీదు, రూపం తెలీదు. మన చేతిలో ఉన్న సమాచారం ఒక్కటే: ఈ మొక్కకి జబ్బు వచ్చింది, ఆ మొక్కకి రాలేదు.

ఒక క్రోమోజోముని రైలు అనుకోండి. టర్నిప్ రైల్లో అన్నీ నీలం బోగీలు. చైనీస్ క్యాబేజీ రైల్లో అన్నీ ఎరుపు బోగీలు. బోగీ నంబర్లు రెండిట్లోనూ ఒకటే వరస. నీలం రైల్లో ఏదో ఒక బోగీలో ఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ ఉన్నాడు. కానీ మఫ్టీలో ఉన్నాడు, చూసి గుర్తుపట్టలేం. రైల్లో దొంగతనం జరిగిందా లేదా అనేది మాత్రం తెలుస్తుంది.

రెండు మొక్కల్నీ కలిపితే వచ్చే మొదటి తరం మొక్కలో ఒక నీలం రైలు, ఒక ఎరుపు రైలు ఉంటాయి. ఆ మొక్క పుప్పొడి తయారుచేసుకునేటప్పుడు రెండు రైళ్లూ పక్కపక్కన నిలబడి, ఏదో ఒకటి రెండు చోట్ల తెగి, బోగీలు మార్చుకుంటాయి. 1 నుంచి 7 దాకా నీలం, 8 నుంచి చివరిదాకా ఎరుపు, ఇలా. పేకముక్కల్లా మొత్తం కలిసిపోవు. అందుకే దగ్గర దగ్గర బోగీలు దాదాపు ఎప్పుడూ కలిసే ప్రయాణం చేస్తాయి. మొత్తం టెక్నిక్ నిలబడింది ఈ ఒక్క వాక్యం మీదే.

రెండో తరంలో ప్రతి మొక్కకీ ఇలాంటి కలగాపులగం రైళ్లు రెండేసి వస్తాయి. రెండింట్లో ఒక్కదాంట్లో కానిస్టేబుల్ ఉన్నా చాలు అనుకుంటే, నాలుగింట మూడు మొక్కలు బతికిపోతాయి. ఇప్పుడు వెతకాల్సింది ఆరోగ్యంగా ఉన్నవాటిలో కాదు, జబ్బు పడ్డవాటిలో. ఎందుకంటే దొంగతనం జరిగిందంటే రెండు రైళ్లలోనూ కానిస్టేబుల్ లేడని. అంటే ఆయన ఉండాల్సిన బోగీ రెండింట్లోనూ ఎరుపే అయ్యుండాలి. జబ్బు పడ్డ మొక్కలన్నిటినీ వరసగా పెట్టి, అన్నిట్లోనూ రెండువైపులా ఎరుపుగా ఉన్న బోగీ నంబర్ ఏదో చూడండి. కానిస్టేబుల్ సీటు అదే.

బోగీ రంగు ఎలా తెలుస్తుంది? డీఎన్ఏలో అక్కడక్కడా ఒకే అక్షరాల జంట పదే పదే రిపీట్ అయ్యే చోట్లు ఉంటాయి. అదే చోట టర్నిప్‌లో 12 సార్లు రిపీట్ అయితే, క్యాబేజీలో 15 సార్లు అవ్వచ్చు. ఆ పొడవు తేడాని ల్యాబ్‌లో కొలవచ్చు. వీటిని మార్కర్లు అంటారు. మార్కరుకి, జీన్‌కి మధ్య 100 సార్లలో ఒక్కసారి మాత్రమే తెగితే ఆ దూరాన్ని 1 సెంటీమోర్గాన్ అంటారు.

గిట్ వాడే ఫ్రెండ్స్‌కి ఇది ఎక్కడో చూసినట్టు ఉంటుంది. గిట్ బైసెక్ట్! బగ్ ఏ కమిట్‌లో వచ్చిందో తెలీకపోతే మధ్యకి వెళ్లి టెస్ట్ చేసి, సగం సగం కొట్టేసుకుంటూ పోతాం. ఐడియా అదే, కానీ ఒక తేడా ఉంది. గిట్‌లో మధ్య పాయింట్ మనం ఎంచుకుంటాం. ఇక్కడ రైలు ఎక్కడ తెగాలో మన చేతిలో లేదు. కానిస్టేబుల్ బోగీకి సరిగ్గా పక్కనే తెగిన రైలు కావాలంటే వందలు చాలవు, వేల మొక్కలు పెంచి వెతకాలి.

నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే నచ్చింది, యూట్యూబ్‌లో ఎవరూ చెప్పనిది ఒకటుంది. డీఎన్ఏ మెషీన్ల గురించి అందరూ చెప్తారు. ఆ మెషీన్ కి ఇచ్చే 'జబ్బు వచ్చిందా లేదా' అనే కాలమ్ ఎక్కడి నుంచి వస్తుంది? మనుషుల చేతుల్లోంచి. ఈ దొంగని ల్యాబ్‌లో గాజు పళ్లెంలో పెంచలేరు, బతికున్న మొక్క వేరు లోపలే పెరుగుతాడు. కాబట్టి జబ్బు వేళ్లని ఫ్రీజర్‌లో దాచుకుని, అవసరమైనప్పుడు నూరి స్పోర్లు తీసి, లెక్కపెట్టి మట్టిలో కలిపి, మొలకలు నాటి, కొన్ని వారాలు ఆగి, ఒక్కో మొక్కని పీకి, వేళ్లు కడిగి, కంటితో చూసి మార్కులు వేస్తారు. గదలు అసలు లేకపోతే 0, పక్క వేళ్ల మీద చిన్నవి ఉంటే 1, ఇంకాస్త అయితే 2, ప్రధాన వేరే ఉబ్బిపోతే 3. ఇలా వందల మొక్కలు.

ఇందులో ఒక తిరకాసుంది. 0 మార్కు వచ్చిన మొక్కలో నిజంగా కాపలా ఉండచ్చు, లేదా ఆ కుండీలో దొంగ అసలు రైలెక్కనే లేదేమో! జబ్బు వచ్చిన మొక్క అబద్ధం చెప్పదు, రాని మొక్క చెప్పచ్చు. అందుకే అనుమానం ఉన్నచోట ఆ మొక్క విత్తనాలు మళ్లీ వేసి, పిల్లల్ని కూడా పరీక్షిస్తారు. నాలుగు మొక్కలకి తప్పు మార్కు పడితే చాలు, కానిస్టేబుల్ వేరే బోగీలో ఉన్నట్టు చూపిస్తుంది లెక్క. డేటా సైన్స్ చదివేవాళ్లు ఇది గోడ మీద రాసుకోవచ్చు.

జపాన్‌లో కూరగాయల పరిశోధన చేసే బృందం సిలోగా టర్నిప్ నుంచి తీసిన ఒక లైన్‌ని, జబ్బుకి లొంగిపోయే ఇంకో లైన్‌తో కలిపి ఇదే పని చేసింది. 2003లో రెండు అడ్రస్‌లు దొరికాయి. వాటికి సీఆర్‌ఆర్-1, సీఆర్‌ఆర్-2 అని పేర్లు. కానీ అవి వీధి పేర్లు మాత్రమే, ఇంటి నంబర్లు కావు. 2011లో చైనీస్ క్యాబేజీ మొత్తం జీనోమ్ చదివేశారు. 2013లో ఆ జపాన్ బృందమే సీఆర్‌ఆర్-1 వీధిలో తలుపు తట్టి జీన్‌ని బయటికి తీసింది. వీధి నుంచి ఇంటికి చేరడానికి పదేళ్లు.

ఆ జీన్ ఒక ప్రోటీన్‌కి కోడ్. వేరు కణం లోపల కూర్చుని, దొంగ లోపలికి పంపే అణువుల జాడ పసిగట్టి, అలారం కొట్టే రకం ప్రోటీన్. జబ్బుకి లొంగే క్యాబేజీలో కూడా ఇదే జీన్ ఉంది! కానీ దాని మొదటి భాగం మధ్యలో ఎప్పుడో ఎగిరొచ్చి పడిన డీఎన్ఏ ముక్క ఒకటి ఇరుక్కుపోయి ఉంది. దాంతో ప్రోటీన్ ముందు భాగం సగానికి పైగా లేకుండా తయారవుతోంది. ఫంక్షన్ మధ్యలో ఎవరో సంబంధం లేని కోడ్ పేస్ట్ చేసేసినట్టు. ఫైల్ ఉంది, రన్ అవ్వదు. ఇదే కారణమని రుజువేంటి అంటారా? మంచి జీన్‌ని తీసి జబ్బుకి లొంగే మొక్కల్లో పెట్టారు. అవి నిలబడ్డాయి.

అడ్రస్ దొరికితే రైతుకి ఏం ఒరిగింది? మొదటి లాభం టైమ్. ఇదివరకు కొత్త రకం తయారుచేసేవాళ్లు ప్రతి తరంలోనూ పైన చెప్పిన కుండీల తతంగం మొత్తం చెయ్యాలి. ఇప్పుడు మొలక ఆకులో చిటికెడు ముక్క చాలు. ఇంకోటి, టర్నిప్ నుంచి కాపలా ఒక్కటే రాదు, పక్క బోగీల్లో ఉన్న టర్నిప్ బుద్ధులు కూడా వస్తాయి. దుంప ఊరడం, ఆకులు సరిగ్గా గడ్డ కట్టకపోవడం వగైరా. మ్యాప్ ఉంటే కానిస్టేబుల్ బోగీని ఉంచుకుని, పక్క బోగీలు ఎరుపైన మొక్కల్ని ఏరుకోవచ్చు.

ఇక్కడితో ఆపేస్తే ఇది హ్యాపీ ఎండింగ్ వీడియో. కానీ 'శాస్త్రవేత్తలు జీన్ కనిపెట్టారు, ఇక జబ్బు ఉండదు' లాంటి థంబ్‌నెయిల్స్ చూస్తే నాకు చిరాకు. కెనడాలో ఏం జరిగిందో చూడండి. అక్కడ ఇదే కుటుంబానికి చెందిన కనోలా అనే నూనె గింజల పంట లక్షల ఎకరాల్లో వేస్తారు. 2003లో ఆల్బర్టా రాష్ట్రంలో ఎడ్మంటన్ దగ్గర కనోలా పొలాల్లో క్లబ్ రూట్ బయటపడింది. 2009లో తట్టుకునే రకం మార్కెట్లోకి వచ్చింది. రైతులు అదే వేశారు, సంవత్సరం తర్వాత సంవత్సరం. 2013కల్లా ఆ రకం వేళ్ల మీద కూడా గదలు కనిపించాయి. నాలుగేళ్లు!

దొంగ కొత్త టెక్నిక్ ఏదో నేర్చుకున్నాడని కాదు. పాత యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్ గుర్తుందా? తెలిసిన వైరస్‌ల సంతకం లిస్టులో ఉంటేనే పట్టుకునేది. ఒక్క కాపలా జీన్ కూడా అంతే, ఒక సంతకం మాత్రమే చూస్తుంది. కోట్లాది స్పోర్లలో ఆ సంతకం లేనివి ఎక్కడో కొన్ని ఉంటాయి. ఏటా అదే రకం వేస్తే మిగతావి పెరగలేవు, ఇవి మాత్రం తిని బలుస్తాయి. చివరికి పొలం నిండా అవే. అంటే కొత్త దొంగల్ని రైతే ఏరి పెంచినట్టయింది, తెలియకుండానే.

అయితే రెండు మూడు జీన్‌లు ఒకే మొక్కలో పెడితే? అన్ని సంతకాలూ ఒకేసారి మార్చుకున్న స్పోర్ ఉండే అవకాశం చాలా తక్కువ. బావుంది. ఇక్కడే మ్యాపింగ్ అసలు విలువ తెలుస్తుంది. ఒక జీన్ ఉన్న మొక్కని, మూడు జీన్‌లున్న మొక్కని పక్కపక్కన పీకి, వేళ్లు కడిగి చూడండి. రెండూ శుభ్రంగా ఉంటాయి. రెండింటికీ 0 మార్కే. కంటికి తేడా తెలీదు, ఒకే రకం దొంగతో ఎన్ని కుండీలు పెట్టినా తెలీదు. తేడా సులువుగా చెప్పగలిగేది మార్కర్లు. మార్కర్లు లేకపోతే మూడు జీన్‌లు ఒకచోట చేర్చామో లేదో తెలుసుకోవడం చేర్చినవాళ్లకే చాలా కష్టం. జపాన్‌లో 2012లో మూడు వేర్వేరు అడ్రస్‌ల నుంచి మూడు జీన్‌లని మార్కర్ల సాయంతో ఒకే చైనీస్ క్యాబేజీలోకి చేర్చి, అది చాలా గట్టిగా తట్టుకుంటోందని చూపించారు.

నా ఉద్దేశంలో మ్యాప్ అనేది ట్రోఫీ కాదు, పనిముట్టు. ఒక్క జీన్ దొరగ్గానే దాన్ని ఒంటరిగా మార్కెట్లోకి దింపితే, పదేళ్ల కష్టాన్ని నాలుగేళ్లలో దొంగ చేతిలో పెట్టినట్టే. మొదటి రకం త్వరగా అమ్ముకోవాలనే తొందర కంపెనీకి ఉంటుంది, మంచి ధర కోసం వరసగా అదే పంట వెయ్యాలనే ఒత్తిడి రైతుకి ఉంటుంది. రైతుని తప్పుపట్టడం నాకు మనసొప్పదు. ఇంకో 17 ఏళ్లు ఆ మట్టితో బతకాల్సింది ఆయనే.

ఒక కొత్త సంగతి చెప్పి ముందుకెళ్దాం. 2023లో చైనా శాస్త్రవేత్తలు అరాబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్కలో, మళ్లీ ఇదే మ్యాపింగ్ పద్ధతిలో, వేరే తరహా కాపలా పట్టుకున్నారు. ఇది సంతకాలు చూసే రకం జీన్ కాదు. దొంగ వేరులోకి వచ్చినప్పుడు, నీటి గొట్టాలుండే మధ్య భాగం చుట్టూ ఉన్న కణాల పొరలో మేల్కొని, కాల్షియంని వదిలే ఒక ద్వారంలా పనిచేసి, లోపలి రక్షణ వ్యవస్థని లేపుతుంది. రకరకాల దొంగల మీద పనిచేసింది. పొలంలో ఎన్నేళ్లు నిలబడుతుందో పొలమే చెప్పాలి.

కామెంట్లలో ఎలాగూ అడుగుతారు: మన దగ్గర ఉందా? క్లబ్ రూట్‌కి చల్లగా, తడిగా, ఆమ్లంగా ఉండే మట్టి ఇష్టం. ఇండియాలో డార్జిలింగ్ కొండల్లో, పశ్చిమ బెంగాల్‌లో ఉంది. మన తెలుగు రాష్ట్రాల్లో క్యాబేజీ, కాలీఫ్లవర్ రైతుకి బాగా తెలిసిన శత్రువు వేరే: నల్ల కుళ్లు తెగులు. ఆకు అంచు నుంచి లోపలికి ఇంగ్లీషు 'వీ' అక్షరం ఆకారంలో పసుపు మచ్చ వస్తుంది, ఈనెలు నల్లబడతాయి. ఇది బ్యాక్టీరియా పని. దీని మీద ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఇదే రైలు లెక్క వేశారు. కాలీఫ్లవర్‌లో తట్టుకునే ఒక జీన్ 3వ క్రోమోజోము మీద ఉందని 2014లో తేల్చారు. ఇథియోపియా ఆవ మొక్కలో ఇంకో జీన్ అడ్రస్ 2016లో దొరికింది.

ఈ రెండోదాంతో చిక్కేంటంటే, ఇథియోపియా ఆవ 17 జతల మొక్క, కాలీఫ్లవర్ 9 జతలది. టర్నిప్, చైనీస్ క్యాబేజీలాగ సులువుగా కలవవు. విత్తనం లోపల పిండం మొదట్లోనే చచ్చిపోతుంది. అందుకని అది చావకముందే కాయ కోసి, ఆ పిండాన్ని సూదితో బయటికి తీసి, గాజు సీసాలో పోషకాలు పెట్టి పెంచుతారు. ఐసీయూలో పసిపాపని పెట్టినట్టు. అది ఎలా చేస్తారో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఈలోగా డౌట్లుంటే కామెంట్ పెట్టండి, ఉంటాను.